తప్పిన కూడిక

జనవరిలో క్లైపేదా రేవుకి తొమ్మిదైనా తెల్లారదు.
స్తుంబ్రాస్ అనే టగ్గు పడవలో
రాడార్ తెరకి ఏదో అయిందని
కప్తాను గింతౌతాస్ కబురంపాడు.

వెళ్ళి చూస్తే, ఒరిగిపోతోంది.
తీరమంతా ఏటవాలు.
బోయాలు, బల్లకట్లు, అవతలి ఇసుకదిబ్బ
గాలివాన పట్టినట్టు ఒకే పక్కకి.
"నేను తాగలేదు" అన్నాడు కప్తాను, నేనడక్కముందే.

బొమ్మ ఉండేది తెరలో కాదు కప్తాను గారూ,
మెమరీలో.
గిలకకి చుట్టని తాడులాగా ఒకటే బారు.
దాన్ని వరుసలుగా కోసి పేర్చేది కెర్నెల్.
ఎక్కడ కోయాలో తప్పు చెబితే
మీ సముద్రం ఇలాగే జారుతుంది.

వరుసకి పదమూడు వందల అరవై ఆరు చుక్కలు,
చుక్కకి నాలుగు బైట్లు,
ఆ చివర ఇంకో నలభై బైట్ల ఖాళీ.
ఏ చుక్కా కాపురముండని చోటు.
కంటికి కనబడదు, లెక్కలో మాత్రం ఉండాలి.
ఎవరో మరిచారు.
వరుసకి పది చుక్కల చొప్పున
బాల్టిక్ పక్కకి జరిగింది.

వంటామె దాంగ్‌వొలే
టీ, నల్లరొట్టె తెచ్చి పెట్టింది.
"ఖాళీ చోటుకా ఇంత గొడవ?"

సరిచేసి మళ్ళీ లేపాను.
నిటారుగానే నిలబడింది గానీ
ముఖం వాచినట్టు, మోటుగా,
ఎప్పటిదో పాత కొలతలో.
లాగ్‌లో ఒక్క వాక్యం:
తెర చెప్పిన మాట కెర్నెల్ నమ్మలేదు.

తెరలు తమ సంగతి తామే చెప్పుకుంటాయి.
సన్నని తీగ మీద నూట ఇరవై ఎనిమిది బైట్లు:
నన్ను ఫలానా వారంలో చేశారు,
నా వెడల్పు ఇంత, ఎత్తు ఇంత,
సెకనుకి అరవై సార్లు రెప్ప వేస్తాను,
రెప్ప వాలినంతసేపూ ఏమీ పంపకండి.
చివరి బైటు సాక్షి.
రెండు వందల యాభై ఆరు నిండినప్పుడల్లా
మొదటికొచ్చే ఆ లెక్కలో
అన్నీ కూడితే సున్నా రావాలి.
ఈ తెరకి మూడు వచ్చింది.

ఉప్పుగాలి కొరికిందో,
ఫ్యాక్టరీలో ఎవరికి కునుకు పట్టిందో.

ఇంత పట్టింపు ఎందుకంటే,
ఒకప్పుడు తెరని ఎవరు పడితే వాళ్ళు తిప్పేవారు.
బొమ్మలు గీసే ప్రోగ్రాం ఒకపక్క,
అక్షరాల కన్సోలు ఇంకోపక్క,
ఒకే చుక్కానికి నాలుగు చేతులు.
ఒకరు వదిలి ఒకరు పట్టేలోగా చీకటి.
నాకు పని నేర్పిన వైదోతాస్
ఆ చీకట్లోనే జుట్టు నెరిసినవాడు.
యంత్రం చచ్చిపోతే
ఎందుకు చస్తోందో చెప్పిన ఆఖరి మాట
ఎవరూ చూడని పేజీలో పడి ఉండేదట.

ఇప్పుడు చుక్కాని కెర్నెల్‌ది. అడగాలి.
ఈ తెర, ఈ కొలత, ఈ బఫర్,
మూడూ కలిసి కుదురుతాయా?
కుదిరితే మొత్తం మారుతుంది,
కుదరకపోతే ఉన్నది ఉన్నట్టే.
సగం మార్చి వదిలేయడం లేదు.
"మా రేవు కమిటీకి కూడా
ఇది బిగించిపో" అన్నాడు కప్తాను.

తెర తరఫున వాంగ్మూలం నేనే రాశాను.
నూట ఇరవై ఏడు బైట్లు అది చెప్పినట్టే,
చివరిదాంట్లో మూడు తీసేశాను.
సున్నా వచ్చింది.
కెర్నెల్ తలూపింది.

ఏ బైటు తప్పిందో మాత్రం నాకు తెలియదు.
సాక్షిని దిద్దాను, అంతే.

తాళ్ళు విప్పారు. బయట పొగమంచు.
తెర ఒక్క క్షణం నల్లబడింది,
కప్తాను చెయ్యి గాల్లోనే ఆగింది.
వెనక బఫర్‌లో సిద్ధమైన సముద్రం
రెప్ప వాలిన సందు చూసుకుని
ముందుకొచ్చి నిలిచింది,
చిరుగు లేకుండా.

"నిజమే చూపిస్తోందా?"
"కూడిక సరిపోయింది" అన్నాను.

కాసేపు నన్ను చూశాడు.
తర్వాత చొక్కా చేత్తో
కిటికీ అద్దం మీది ఆవిరి తుడిచి
ఎర్ర బోయా కోసం
బయటికి తొంగి చూశాడు.